సీటు మరిచిపోయింది... ఎందుకని?

మీట నొక్కగానే మన కొలతకు సర్దుకునే కారు సీటు ఉన్నట్టుండి మొరాయిస్తే, 'లోపల కంప్యూటర్ పోయింది సార్' అనే మాటే ముందు వినపడుతుంది. తీరా చూస్తే పోయింది కంప్యూటర్ కాకపోవచ్చు. మాడిపోయిన చిన్న ఫ్యూజో, తుప్పు పట్టిన కనెక్టరో, ఎలుక కొరికిన తీగో కావచ్చు. ఆ తేడా కనిపెట్టడానికి ఓ వరస ఉంది. అది తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

ఒకటో నంబరు నొక్కితే అయ్యగారి కొలత. రెండో నంబరు నొక్కితే అమ్మగారి కొలత. మూడోది కూడా ఉంటే అది డ్రైవరుది. ఆరడుగుల మనిషి దిగిన సీట్లో అయిదడుగుల మనిషి ఎక్కి కూర్చున్నా ఇబ్బంది లేదు. మీట నొక్కితే చాలు... సీటు ముందుకు జరుగుతుంది, కాస్త పైకి లేస్తుంది, వీపు ఆన్చుకునే భాగం నిటారవుతుంది. కొన్ని కార్లలోనైతే పక్క అద్దాలూ, స్టీరింగూ కూడా ఆ మనిషికి తగ్గట్టు సర్దుకుంటాయి. అదే 'మెమరీ సీటు'.

ఇది నిన్నమొన్నటి ముచ్చటేం కాదు. 1957లోనే అమెరికాలో మెర్క్యురీ కంపెనీ 'టర్న్‌పైక్ క్రూజర్' అనే కారులో 'సీట్-ఓ-మాటిక్' పేరుతో ఇలాంటి ఏర్పాటు చేసింది. మొత్తం 49 భంగిమల్లోంచి కావలసినదాన్ని ఎంచుకోవచ్చన్నమాట. అదే ఏడాది వచ్చిన కాడిలాక్ 'ఎల్డొరాడో బ్రూమ్' కారులోనూ మెమరీ సీటుంది. అప్పట్లో అది కోటీశ్వరుల వైభోగం. ఇప్పుడలా కాదు. మనదేశంలో 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700, 2023లో కొత్త రూపుతో వచ్చిన టాటా హారియర్ లాంటి వాటి పైరకం మోడళ్లలో కూడా డ్రైవరు సీటుకు జ్ఞాపకశక్తి వచ్చేసింది. ఇక చేతులు మారి సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చిన ఖరీదైన విదేశీ కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొన్న మొదటి నెలలో ఇరుగుపొరుగులకు చూపించి మురిసిపోయేదీ ఆ సీటునే, ఆ తర్వాత మెకానిక్కు దగ్గరకు మోసుకెళ్లేదీ దాన్నే!

సమస్యల్లా అక్కడే మొదలవుతుంది. ఇంజిను గురించి అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పే మెకానిక్కులు కూడా సీటు దగ్గరికొచ్చేసరికి తడబడుతుంటారు. ఎక్కడ తప్పుందో తేలకముందే 'మాడ్యూలు మార్చేద్దాం' అంటారు. అది మారుస్తారు. సీటు కదలదు. 'అయితే మోటారు' అంటారు. అదీ మారుస్తారు. బిల్లు పెరుగుతుంది తప్ప సీటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

సీటు కింద ఓ చిన్న కార్ఖానా
జబ్బేంటో తెలియాలంటే ముందు ఒంట్లో ఏముందో తెలియాలి. మెమరీ సీటు కింద ప్రధానంగా అయిదు రకాల సామగ్రి ఉంటుంది.

మొదటివి మోటార్లు. ముందుకూ వెనక్కూ జరపడానికొకటి, ఎత్తు పెంచి తగ్గించడానికి ఒకటో రెండో, వీపు భాగాన్ని వాల్చడానికి ఇంకొకటి. అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచేవే. ఒకే మోటారు రెండు దిక్కులా తిరుగుతుంది. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే చాలు... ముందుకు వెళ్లే సీటు వెనక్కి వస్తుంది. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

రెండోది గేర్లు, మరలు, పట్టాలు. గిర్రున తిరిగే మోటారు వేగాన్ని తగ్గించి, బరువైన మనిషిని కూడా మెల్లగా జరపగలిగే బలంగా మార్చేవి ఇవే. మూడోది స్విచ్చి. మామూలు పవర్ సీట్లలో మోటారుకు వెళ్లే కరెంటు చాలావరకు నేరుగా ఈ స్విచ్చి గుండానే పోతుంది. మెమరీ సీట్లలో అలా కాదు. స్విచ్చి 'ముందుకు జరపాలి' అని కబురు మాత్రం పంపుతుంది. ఆ కబురందుకుని మోటారుకు కరెంటిచ్చేది నాలుగోది... మాడ్యూలు. సీటుకు మెదడన్నమాట.

అయిదోది సెన్సరు. సీటు ఇప్పుడు ఎక్కడుందో మాడ్యూలుకు చెప్పేది ఇదే. పాత కార్లలో రేడియో వాల్యూమ్ మీట లాంటి పొటెన్షియోమీటరు ఉండేది. సీటు జరుగుతుంటే దానినుంచి వచ్చే వోల్టేజీ క్రమంగా పెరగడమో తగ్గడమో జరుగుతుంది. తర్వాతి కార్లలో 'హాల్ సెన్సరు' వచ్చింది. మోటారుతోపాటు ఓ చిన్న అయస్కాంతం తిరుగుతుంటే, తిరిగినప్పుడల్లా ఈ సెన్సరు మాడ్యూలుకు సంకేతాలు పంపుతుంది. మాడ్యూలు వాటిని లెక్కపెట్టుకుంటుంది. అంటే సీటుకు నిజంగా గుర్తుండేది భంగిమ కాదు, అంకెలు! 'ఒకటో నంబరు మనిషికి ముందుకు ఇన్ని, పైకి ఇన్ని' అని రాసుకున్న చిట్టా. ఆ లెక్క తప్పిందా... సీటు మరిచిపోయినట్టే.

మూడే ప్రశ్నలు
పనితెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ పానా చేతపట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. సీటు కదులుతోందా? ఎక్కడుందో దానికి తెలుస్తోందా? కదలడానికి అనుమతి ఉందా? మెమరీ సీటు జబ్బులన్నీ దాదాపుగా ఈ మూడు గదుల్లో ఏదో ఒక దాంట్లో పడతాయి. గది ఏదో తేలితే సగం పని అయినట్టే.

తేల్చడం కష్టమేం కాదు. మెమరీ బటన్ల సంగతి కాసేపు మరిచిపోయి, సీటు పక్కనో తలుపు మీదో ఉన్న మామూలు స్విచ్చితో సీటును అన్ని దిక్కులా నడిపి చూడాలి. అసలు కదలకపోతే మొదటి గది. కొంచెం కదిలి ఆగి, మళ్లీ నొక్కితే మళ్లీ కొంచెం కదిలి ఆగిపోతుంటే రెండో గది. స్విచ్చితో హాయిగా కదులుతూ, మెమరీ బటన్ నొక్కితే మాత్రం ఉలకకపోతే మూడో గది. నిమిషం పట్టని ఈ పరీక్ష చేయకుండా మాడ్యూలు మీద చెయ్యి వేశారంటే చీకట్లో రాయి విసురుతున్నట్టే లెక్క.

కదలని సీటు... లైటు చెప్పే సాక్ష్యం
సీటు బొత్తిగా కదలనప్పుడు మొదట చేయాల్సిన పని, టార్చిలైటు తీసుకుని సీటు కిందకి చూడటం. రూపాయి బిళ్లలు, పెన్నులు, పిల్లల బొమ్మలు, నీళ్ల సీసా మూత, గుడి నుంచి తెచ్చిన కొబ్బరి చిప్ప... ఏవైనా పట్టాల్లో ఇరుక్కోవచ్చు. మన దగ్గర ఇంకో బెడద, కారు కొన్న వారంలోనే వేయించే మందపాటి మ్యాట్లు. నేలంతా కప్పేసే ఈ పొరలు సరిగ్గా కత్తిరించకపోతే సీటు పట్టాలకు అడ్డుపడతాయి, కింద ఉన్న తీగల్ని నొక్కేస్తాయి. బిగుతైన సీటు కవర్ల తాళ్లు గేర్లకు చుట్టుకోవడమూ ఉంటుంది.

అడ్డమేమీ లేదనుకున్నాక ఓ పాత చిట్కా. కారు లోపలి లైటు వేసి, స్విచ్చి నొక్కి పట్టుకుని ఆ లైటు వంక చూడాలి. అది కాస్త మసకబారిందా... మోటారుదాకా కరెంటు వెళ్తోందని అర్థం. కానీ మోటారు తిరగలేకపోతోంది. గేరు పట్టేసిందో, పట్టాల్లో ఏదో ఇరుక్కుందో, మోటారే బిగుసుకుందో వెతకాలి. లైటులో మార్పేమీ లేకపోతే, కరెంటు దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. ఫ్యూజు, కనెక్టరు, ఎర్త్ తీగ, స్విచ్చి... ఈ వరసలో చూసుకుంటూ పోవాలి. ఎల్‌ఈడీ లైట్లున్న కొత్త కార్లలో ఈ తేడా అంతగా కనపడదు. అప్పుడు మల్టీమీటరే దిక్కు.

తర్వాతి సాక్ష్యం, 'ఒక్కటే పోయిందా, అన్నీ పోయాయా' అన్నది. ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ, వాలడం... అన్నీ ఒకేసారి ఆగిపోతే మోటార్లను అనుమానించడం దండగ. మూడు నాలుగు మోటార్లు ఒకేరోజు మూకుమ్మడిగా పోవు కదా! వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయింది. అది ఫ్యూజు కావచ్చు, ఎర్త్ కావచ్చు, మాడ్యూలుకు వచ్చే కరెంటు తీగ కావచ్చు. అలాకాక ఒక్క కదలికే రెండు దిక్కులా ఆగిపోతే ఆ మోటారు, దాని తీగలు అనుమానితులు.

మరి ముందుకు వెళ్తూ వెనక్కి రాకపోతే? ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇక్కడే పనికొస్తుంది. రెండు దిక్కులా తిరిగేది ఒకే మోటారు, అవే రెండు తీగలు. ఒకవైపు బాగా తిరుగుతోందంటే మోటారుకు ఏ రోగమూ లేనట్టే. తప్పు స్విచ్చిలోనో, మాడ్యూలులోని రిలేలోనో ఉంది. లేదంటే సెన్సరు లెక్క తప్పి 'ఇక వెనక్కి చోటు లేదు' అని మాడ్యూలు భ్రమపడుతోంది. ఇంత తేలిగ్గా తేలే విషయానికి కూడా మోటారు మార్పించుకుని వచ్చేవాళ్లున్నారు.

12 వోల్టులు చూపించినా...
ఫ్యూజు బాగుంది, మీటరు పెడితే కనెక్టరు దగ్గర 12 వోల్టులు వస్తున్నాయి. అయినా సీటు కదలదు. 'కరెంటు వస్తోంది, కాబట్టి మోటారే పోయింది' అని తీర్పు ఇచ్చేస్తే తప్పులో కాలేసినట్టే. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ఎంత పాచి పేరుకున్నా ఒత్తిడి నిండుగానే ఉంటుంది. కుళాయి తిప్పాకే తెలుస్తుంది ధార ఎంత సన్నగా వస్తోందో! తీగలూ అంతే. మోటారు కరెంటు లాగనంతసేపూ తుప్పు పట్టిన కనెక్టరు దగ్గరా 12 వోల్టులే కనిపిస్తాయి. స్విచ్చి నొక్కగానే అవి ఏడుకో ఎనిమిదికో పడిపోతాయి. అందుకే మీటరు పెట్టి ఉంచి, స్విచ్చి నొక్కిపట్టుకుని అప్పుడు కొలవాలి. ఎర్త్ తీగ దగ్గరా ఇలాగే చూడాలి. బాడీకి బిగించిన బోల్టు కింద తుప్పు చేరితే కరెంటు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది.

సీటు కింద తీగలకు కష్టాలు ఎక్కువ. సీటు జరిగినప్పుడల్లా అవీ ముందుకూ వెనక్కూ వంగుతుంటాయి. ఏళ్ల తరబడి వంగి వంగి పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగిపోవచ్చు. సీటు ఒకచోట పనిచేసి, ఇంకోచోట ఆగిపోతుంటే ఈ అనుమానం బలపడుతుంది. కారు నాలుగు రోజులు కదలకుండా ఉంటే ఎలుకలు చేరి తీగల్ని కొరికేయడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన బాధే. ఇక బ్యాటరీ బలహీనపడితే, ఇంజిను స్టార్టు చేయడానికి కరెంటు మిగలాలని చాలా కార్లు సీట్ల లాంటి సౌకర్యాలకు కరెంటు ఆపేస్తాయి. సీటును అనుమానించేముందు బ్యాటరీ వయసెంతో చూసుకోవడం మేలు.

మతిమరుపు అసలు రూపం
రెండో గది జబ్బు విచిత్రంగా ఉంటుంది. స్విచ్చి నొక్కితే సీటు అర అంగుళం కదిలి ఆగుతుంది. వదిలి మళ్లీ నొక్కితే ఇంకో అర అంగుళం. చాలామంది ఇది మోటారు నీరసం అనుకుంటారు. నిజానికి ఇది మాడ్యూలు తీసుకునే జాగ్రత్త. మోటారుకు కరెంటు ఇచ్చింది. సెన్సరు నుంచి లెక్క రావాలి. రాలేదు. అంటే సీటు దేన్నో ఢీకొని ఆగిపోయిందేమో, వెనక ఎవరి కాళ్లయినా ఇరుక్కున్నాయేమో... తెలియదు. అందుకని వెంటనే కరెంటు ఆపేస్తుంది. తప్పు సెన్సరుదీ, దాని తీగదీ. అవి బాగుంటే మోటారును నిక్షేపంగా నడిపిస్తుంది.

పాత పొటెన్షియోమీటర్లలో ఇంకో తమాషా. ఒకే మనిషి ఏళ్ల తరబడి ఒకే కొలతలో కూర్చుంటే, లోపల ముల్లు సరిగ్గా ఆ ఒక్కచోటే అటూఇటూ రాసుకుని పూత అరిగిపోతుంది. దాంతో మిగతా అన్నిచోట్లా బాగానే ఉండి, యజమానికి కావలసిన కొలత దగ్గరే లెక్క తప్పుతుంది! మీటరు తగిలించి సీటును ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపిస్తే వోల్టేజీ సాఫీగా మారాలి. మధ్యలో ఎక్కడైనా చప్పున పడిపోతే దోషం అక్కడే.

అన్నిటికన్నా తేలికైన కారణం ఇంకోటుంది. బ్యాటరీ మార్చినప్పుడో, విప్పి పెట్టినప్పుడో కొన్ని కార్లలో లెక్కంతా చెరిగిపోతుంది. సీటు ఎక్కడుందో మాడ్యూలుకు మళ్లీ నేర్పాలి. చాలా కార్లలో ప్రతి కదలికనూ ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా నడిపి, అక్కడ స్విచ్చిని కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే సరిపోతుంది. కొన్నిటికి మాత్రం స్కానరు తగిలించి చేయాలి. పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చూసుకోవచ్చు. డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉండే పుస్తకం అదే!

అనుమతి లేక ఆగిన సీటు
స్విచ్చితో అన్ని దిక్కులా కదులుతుంది. మెమరీ బటన్ నొక్కితే మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. ఇది సీటు జబ్బే కాకపోవచ్చు. కారు వెళ్తుండగా సీటు దానంతటదే జరిగితే బ్రేకు మీద కాలు అందకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే కంపెనీలు మెమరీకి షరతులు పెడతాయి. కారు ఆగి ఉండాలి, ఆటోమేటిక్ అయితే గేరు 'పి'లో ఉండాలి, కొన్నిటిలో తలుపు తెరిచో ఇగ్నిషన్ వేసో ఉండాలి. ఈ సమాచారం తలుపు స్విచ్చి నుంచీ, గేరు సెన్సరు నుంచీ కారు లోపలి నెట్‌వర్కు ద్వారా సీటు మాడ్యూలుకు అందాలి. తలుపు దగ్గర చిన్న స్విచ్చి పాడై 'తలుపు తీసే ఉంది' అనో, 'వేసే ఉంది' అనో తప్పుడు కబురు పంపినా మెమరీ మొండికేస్తుంది. అలాంటప్పుడు తలుపు తీసినా లోపలి లైటు వెలగకపోతే ఆ స్విచ్చినే అనుమానించాలి. దొంగ తలుపు దగ్గరుంటే సీటు విప్పి ఏం లాభం?

దీనికి తిరగేసిన కథా ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే సీటు దానంతటదే కదులుతోందని హడలిపోయేవాళ్లుంటారు. చాలాసార్లు అది దయ్యమూ కాదు, దోషమూ కాదు. ఇంజిను ఆపగానే దిగడానికి వీలుగా సీటు వెనక్కి జరిగే ఏర్పాటు అది. కొన్ని కార్లలో ఎవరి తాళంచెవికి వారి కొలత ముడిపడి ఉంటుంది. భర్త తాళంచెవితో భార్య తలుపు తీస్తే సీటు ఆయన కొలతకు పోతుంది. ఇంట్లో రెండు తాళంచెవులూ కలిసిపోయినప్పుడు వచ్చే 'జబ్బు' ఇది. తాళంచెవులు మార్చుకుంటే నయమైపోతుంది.

స్కానరు ఏమీ లేదంటే...
'స్కానరు పెట్టాం సార్, ఏ కోడూ లేదు' అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. కారు లోపాల కోడ్‌లు నాలుగు కుటుంబాలు. 'పి'తో మొదలయ్యేవి ఇంజినూ గేరుబాక్సువి, 'సి' బ్రేకులూ స్టీరింగుల్లాంటివి, 'బి' బాడీవి, 'యు' నెట్‌వర్కువి. సీటు లోపాలు సాధారణంగా 'బి'లోనో 'యు'లోనో ఉంటాయి. చౌకగా దొరికే చిన్న స్కానర్లలో చాలావరకు 'పి' కుటుంబాన్నే చదవగలవు. వాటిలో ఏమీ కనపడలేదంటే లోపం లేదని కాదు, ఆ పరికరం అటువైపు చూడలేదని! సీటు మాడ్యూలుతో మాట్లాడగలిగే స్కానరైతే కోడ్‌తోపాటు ఇంకో మేలు చేస్తుంది. స్విచ్చి నొక్కినప్పుడు ఆ కబురు మాడ్యూలుకు అందుతోందా, సీటు జరుగుతుంటే సెన్సరు లెక్క మారుతోందా అన్నది తెర మీద అప్పటికప్పుడు చూపిస్తుంది. కబురు అందుతోంది, కరెంటూ ఎర్తూ బాగున్నాయి, సెన్సరూ పలుకుతోంది, మోటారుకు నేరుగా కరెంటిస్తే తిరుగుతోంది... అయినా మాడ్యూలు మోటారును కదిలించడం లేదంటే అప్పుడు, అప్పుడే మాడ్యూలు పోయిందనాలి.

కోడ్‌లకు అందని జబ్బులూ ఉంటాయి. 1990ల నాటి బీఎండబ్ల్యూ 5, 7 సిరీస్ కార్లలో సీటు వీపు భాగం ఒకపక్కకు మెలితిరిగిపోవడం ఆ కార్లు నడిపినవాళ్లందరికీ తెలిసిన ముచ్చట. వీపు భాగం వాలాలంటే మోటారు నుంచి రెండు పక్కలకూ స్పీడోమీటరు కేబుల్ లాంటి వంగే కడ్డీలు వెళ్తాయి. వాటిలో ఒకదాని కొస పైతొడుగులోకి జారి గేరులోంచి ఊడిపోతుంది. ఒకపక్క కదులుతుంది, రెండోపక్క కదలదు. సీటు వంకర! మోటారు మంచిదే, మాడ్యూలు మంచిదే. పైతొడుగును కొన్ని మిల్లీమీటర్లు కత్తిరించి, లోపలి కడ్డీ కొస మళ్లీ గేరులో కూర్చునేలా చేసి ఎంతోమంది ఇంట్లోనే బాగుచేసుకున్నారు. కంటితో చూసి తెలుసుకోవాల్సిన జబ్బును కంప్యూటర్ చెప్పలేదనడానికి ఇదో ఉదాహరణ.

వరద మిగిల్చిన గుర్తులు
2020 అక్టోబరులో హైదరాబాద్‌ను వానలు ముంచెత్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు నీళ్లలో నానాయి. అలాంటప్పుడు కారు ఇంజినుదాకా నీరు రాకపోయినా, నేలమీద చెయ్యెత్తు నీరు చేరితే చాలు... సీటు కిందున్న మాడ్యూలూ, కనెక్టర్లూ మునిగినట్టే. కార్పెట్టు పైకి ఆరినట్టే ఉంటుంది, అడుగున స్పాంజి తడి పట్టుకునే ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక కనెక్టరు పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. సీటు ఒకరోజు పనిచేస్తుంది, ఇంకోరోజు చెయ్యదు.

అందుకే సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకు మెమరీ సీటు ఓ మంచి సాక్షి. సీటును పూర్తిగా ముందుకు జరిపించి, వెనకనుంచి కింద లైటు వేసి చూడాలి. పట్టాల మీద మట్టి పొర, స్ప్రింగుల మీద తుప్పు, బోల్టుల మీద పానా గుర్తులు కనిపిస్తే ఆ కారుకో చరిత్ర ఉందని గ్రహించాలి. 'సీటు ఒక్కటే సార్, చిన్న రిపేరు' అని అమ్మేవాళ్లు చెప్పినా, ఆ చిన్న రిపేరు వెనక పెద్ద వరద ఉండొచ్చు.

చెయ్యి పెట్టేముందు...
సీటు కింద చెయ్యి పెట్టడానికి ముందు రెండు హెచ్చరికలు. మొదటిది ఎయిర్‌బ్యాగ్. పక్కనుంచి విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో సీటు వీపు భాగంలోనే ఉంటుంది. దాని కనెక్టరు సాధారణంగా పసుపు రంగులో ఉంటుంది. దాని జోలికి పోకూడదు. టెస్ట్ ల్యాంపు, మీటరు అసలు తగిలించకూడదు. సీటు విప్పాల్సి వస్తే బ్యాటరీ తీసేసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించాలి.

రెండోది పదునైన అంచులు. 2019లో ఫోర్డ్ కంపెనీ ఉత్తర అమెరికాలో 2017 ఎక్స్‌ప్లోరర్ కార్లను దాదాపు 3.38 లక్షలు వెనక్కి పిలిపించింది. కారణం... పవర్ సీటు చట్రం అంచు పదునుగా ఉండటం. సీటుకూ పక్క పెట్టెకూ మధ్య సందులో చెయ్యి పెట్టి 31 మంది గాయపడినట్టు కంపెనీకి ఫిర్యాదులు వచ్చాయి. చేతి తొడుగు వేసుకోవడం, చెయ్యి లోపల ఉన్నప్పుడు ఎవరూ మీట నొక్కకుండా చూసుకోవడం ఎప్పుడైనా మంచిదే.

సీటు దోషాన్ని 'సౌకర్యం' ఖాతాలో వేసి వదిలేయడమూ ప్రమాదమే. 2014 జులైలో జనరల్ మోటార్స్ నాలుగు లక్షలకు పైగా కార్లను ఇందుకే వెనక్కి పిలిచింది. సీటు ఎత్తును సర్దే భాగంలో ఓ బోల్టు వదులై ఊడిపోతే, సీటు ఉన్నట్టుండి కిందకు దిగిపోయే ప్రమాదం ఉందని! మనిషికీ స్టీరింగుకూ మధ్య దూరం కూడా ముఖ్యమే. స్టీరింగు మధ్యభాగానికీ ఛాతీకీ నడుమ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. పొట్టివాళ్ల కొలత దగ్గర ఇరుక్కుపోయిన సీట్లో పొడుగాటి మనిషి ముడుచుకుని కూర్చున్నా, పొడుగాటివాళ్ల కొలత దగ్గర ఆగిపోయిన సీట్లో పొట్టి మనిషి కాళ్లు చాపి బ్రేకు అందుకోబోయినా నష్టం నడిపేవాళ్లకే.

లక్షణం ఇదీ... అనుమానం అదీ
* అన్ని కదలికలూ ఒకేసారి ఆగిపోయాయి: బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్, మాడ్యూలుకు కరెంటు.
* ఒక కదలిక రెండు దిక్కులా ఆగింది: ఆ మోటారు, దాని తీగలు, గేరు.
* ఒక దిక్కుకే ఆగింది: స్విచ్చి, రిలే, సెన్సరు లెక్క. మోటారు కాదు.
* మోటారు చప్పుడు వస్తోంది, సీటు కదలడం లేదు: అరిగిన గేరు, ఊడిన కేబుల్.
* కొంచెం కదిలి ఆగుతోంది: సెన్సరు, దాని కనెక్టరు.
* స్విచ్చితో సరే, మెమరీతో కాదు: షరతులు, తలుపు స్విచ్చి, గేరు సంకేతం, మెమరీ బటన్లు.
* బ్యాటరీ మార్చాక మొదలైంది: సీటుకు కొలతలు మళ్లీ నేర్పించాలి.
* వానాకాలం తర్వాత మొదలైంది: సీటు కింద చెమ్మ, చిలుము.

బిల్లు కట్టేముందు
సర్వీసు సెంటరువాళ్లు 'మాడ్యూలు మార్చాలి' అన్నప్పుడు వెంటనే తలూపక్కర్లేదు. మూడు మాటలు అడగాలి. మాడ్యూలుకు వచ్చే కరెంటునూ ఎర్త్‌నూ మోటారు లాగుతున్నప్పుడు కొలిచారా? మోటారుకు నేరుగా కరెంటిచ్చి చూశారా? సెన్సరు లెక్క స్కానరులో మారుతోందా? మూడింటికీ జవాబు ఉంటే వాళ్ల మాట నమ్మొచ్చు. నీళ్లు నమిలితే ఇంకోచోట చూపించుకోవచ్చు. ఎందుకంటే చాలా కార్లలో మాడ్యూలు మార్చడమంటే బల్బు మార్చినట్టు కాదు. కొత్తదానికి ఆ కారు వివరాలు ఎక్కించాలి, సీటు కొలతలు మళ్లీ నేర్పాలి. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగించాక చాలా దుకాణాల్లో వెనక్కి తీసుకోరు.

సీటు మధ్యదారిలో మొరాయించి, దాన్ని విప్పడానికి కావలసిన బోల్టులే సీటు కింద దాక్కున్నప్పుడు కూడా కంగారుపడి పట్టాలు కోయించక్కర్లేదు. కనెక్టరు విప్పి మోటారుకు నేరుగా 12 వోల్టులు ఇస్తే చాలావాటిలో సీటు జరుగుతుంది. మోటారే చచ్చిపోతే దాన్ని ఊడదీసి గేరు కడ్డీని చేత్తో తిప్పొచ్చు. నిదానమైన పనే, కానీ పట్టాలు మిగులుతాయి.

ఇక మిగిలింది మన పని. నెలకోసారి సీటును చివరిదాకా ముందుకూ వెనక్కూ నడిపి కింద వాక్యూమ్ పట్టించడం, మ్యాట్లు వేసేటప్పుడు పక్కనే నిలబడి తీగలు నలగకుండా చూసుకోవడం, తడిగొడుగును సీటు కింద పెట్టకపోవడం. వానలో తడిసిన కార్పెట్టును పైపైన తుడిచి వదిలేయకుండా ఎత్తి ఆరబెట్టించడం. అమ్మగారి కొలత, అయ్యగారి కొలత సీటు చాలాకాలం గుర్తుపెట్టుకోవాలంటే ఆమాత్రం శుభ్రత చాలు.